లోపలికి రావచ్చా టీచర్?

ఆ ఆడపిల్లల హైస్కూల్లో వరండా చివరి గదికి ఉన్న చెడ్డపేరు అంతా ఇంతా కాదు. దాని ఊసెత్తితే ఇంకా పళ్ళు రాని పసికూనలు కూడా పళ్ళు టకటకలాడించేవాళ్ళంటే నమ్మండి! కాకులు సైతం ఆ కప్పు మీద వాలడానికి జడిసి చుట్టుదారిన పోయేవట.

ఎప్పుడో, బడి తెరిచిన మొదటిరోజునే ఒక పిల్ల ఆలస్యంగా వచ్చిందట. గుమ్మంలో నిలబడి, "లోపలికి రావచ్చా టీచర్?" అని అడిగింది. టీచరు తల తిప్పలేదు, రమ్మనలేదు. బయట కుంభవృష్టి... వరండాలోకి కొట్టే జల్లుకి పిల్ల అలాగే నిలబడి తడిసింది. జ్వరం తగులుకుంది. ఇక బడికి రాలేదు.

రాలేదంటే — పగలు రాలేదు.

చీకటి పడ్డాక ఆ గుమ్మంలో ఒక గొంతు అదే మాట అడుగుతుందట. జవాబివ్వకపోతే పోతుంది. పొరపాటున "రా" అన్నారో... వస్తుంది. వచ్చాక ఇక పోదు.

ఈ కథ ఊళ్ళో అమ్మలందరికీ కంఠతా వచ్చు. అదే పెద్ద టీచరమ్మ మెడకు ఉరితాడయింది.

తెల్లారితే బడి తెరవాలి. పొద్దున్నే అధికారి వచ్చి ఎనిమిదో తరగతిలో తలలు లెక్కపెడతాడు. తాను పెట్టిన సంఖ్యకి ఒక్క తల తగ్గినా బడికి తాళమే అని ముందే చెప్పాడు. పాపం ఆవిడ సెలవులన్నీ గడప గడపా ఎక్కి దిగింది. చెప్పులరిగాయి, ఆపైన పాదాలరిగాయి, చివరికి మనిషే జానెడు పొట్టిదయిందని చెప్పుకునేవారు. ఎట్టకేలకు తలలు సరిపోయాయి, అమ్మయ్య అనుకుంది. సరిగ్గా ఆ సాయంత్రమే ఒక తల్లి వచ్చింది.

"ఏమనుకోకండి టీచరమ్మా. దెయ్యాల బడికి మా పిల్లని పంపలేను."

ఒక్క తల తక్కువ.

వాన పడితే కారని గది ఆ చివరిదొక్కటే. క్లాసు అక్కడే పెట్టాలి. ఊడవమంటే ఆయా చీపురు పట్టుకుని గుమ్మం ఇవతలే ఆగిపోయింది.

"లోపలికెళ్ళవే!"

"ఇక్కణ్ణించే ఊడుస్తానమ్మగారూ. చీపురు పొడుగ్గానే ఉందిగా..." అని, గొంతు తగ్గించి, "ఎవరన్నా అడిగితే మాత్రం నోరు మెదపకండి" అని గుసగుసలాడి, ఒక్క పరుగున గేటు దగ్గర తేలింది.

కరెంటు పోయింది. టీచరమ్మ కొవ్వొత్తి వెలిగించి, బెంచీలు తనే తుడిచింది. బడి మూతపడితే ఈ పిల్లలేమవుతారు? ఒకతె అంట్లు తోముతుంది, ఒకతె చంటిపిల్లల్ని మోస్తుంది... ఇంకెవరి గడప ఎక్కాలి? ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? ఏడుపు తన్నుకొస్తోంది. దాన్ని మింగేసి, బోర్డు మీద 'స్వాగతం' అని రాయబోయింది. 'స్వా' దగ్గరే ఆగిపోయింది.

"ఒక్క పిల్ల... ఒక్క పిల్లనివ్వు దేవుడా..."

"లోపలికి రావచ్చా టీచర్?"

బోర్డువైపు తిరిగున్న టీచర్ని వెనకనుంచి ఆ మాట అడిగితే బుర్రతో పనిలేదు. జీవితమంతా అలవాటైపోయిన నోరు, అదే జవాబు చెప్పేస్తుంది.

"ఊఁ, రా. ఇంత ఆలస్యమేంటి?"

సుద్దముక్క పుటుక్కున విరిగింది.

అనేసింది!

అడుగుల చప్పుడు... మెల్లగా... ముందు బెంచీ కిర్రుమంది. కొవ్వొత్తి మంట పక్కకి ఒరిగింది. టీచరమ్మ గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, గేటు దగ్గర ఆయా బడిగంట మోగిందనుకుందట!

వెనక్కి తిరిగే ధైర్యం లేదు. పారిపోయే దారీ లేదు. అప్పుడావిడ తెగించింది.

"చూడమ్మా... నువ్వెవరివైనా సరే. వచ్చినదానివి ఎలాగూ వచ్చావు, రేపు పొద్దున కూడా రా. నీ పాదాలు వెనక్కి తిరిగున్నా నాకేం అభ్యంతరం లేదు. అధికారి తలలే లెక్కపెడతాడు."

"నన్నేనా? నిజంగా రావచ్చా?" సన్నటి గొంతు.

టీచరమ్మ గిరుక్కున తిరిగింది. గుమ్మంలో బక్కపల్చటి పిల్ల. జుట్టునిండా దారప్పోగులు. బడి గోడ వెనక దర్జీ కొట్లో బొత్తాలు కుట్టే పిల్ల! పాదాలు చూసింది. తిన్నగానే ఉన్నాయి.

"ఓసి నీ దుంపతెగ! నువ్వటే దెయ్యానివి!" అని ఆ పిల్లని కావలించుకుని ఏడ్చేసింది.

"కొట్టు కట్టేశాక రోజూ వస్తానండీ. బోర్డు మీద మీరు చెరపకుండా వదిలేసినవి చదువుకుంటాను... కానీ మా అత్త బడికి పంపదండీ."

"దెయ్యంతోనే బేరానికి దిగినదాన్ని, మీ అత్తొక లెక్కా? పద, ఇప్పుడే మాట్లాడతా. అయినా ఆ అడిగేదేదో పగలొచ్చి అడిగుంటే మా ప్రాణాలు నిలిచేవి కదే!"

పిల్ల బిక్కమొహం పెట్టింది.

"నేనెప్పుడూ అడగలేదండీ. నాకు భయం... ఇప్పుడు మీరు అక్కని రమ్మన్నారుగా. నన్ను కూడా రమ్మంటారేమోనని..."

"ఏ అక్కని?"

పిల్ల ముందు బెంచీవైపు చూపించింది.

ఖాళీ బెంచీ. ఇందాకే పొడిగుడ్డతో తుడిచిన బెంచీ. దాని మీంచి నేలమీదికి చుక్క... చుక్క... నీళ్ళు. ఆ యేడు తొలకరి ఇంకా పడనే లేదు.

తెల్లారింది. ఆ రాత్రి టీచరమ్మ కాళ్ళావేళ్ళా పడిందో, ఏం చెప్పి బెదిరించిందో గానీ, అత్తే స్వయంగా పిల్లకి జడలేసి తీసుకొచ్చి దించింది.

అధికారి వచ్చాడు. వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టాడు. కళ్ళజోడు తుడుచుకుని, మొదట్నించీ మళ్ళీ లెక్కపెట్టాడు.

"బడికి ఢోకా లేదు టీచరుగారూ. కానీ... మీ హాజరు పట్టీలో ఉన్నదానికంటే ఒకరు ఎక్కువున్నారే?"

టీచరమ్మ బోర్డు మీద రాత ఆపలేదు. వెనక్కీ తిరగలేదు.

"ఒకమ్మాయి కాస్త ఆలస్యంగా చేరింది లెండి," అంది.