పై మెట్టు, కుడి చివర

"స్వరం దిగిపోతోందమ్మా," అంది కారిన్, కుళాయి కింద కాఫీ కప్పు కడుగుతూ.

"జ్వరమా!" అని మార్లిస్ పొయ్యి మీద గుడ్లు వదిలేసి వచ్చి కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ఎప్పుడొచ్చిందే? దిగిపోయేదాకా కన్నతల్లికి చెప్పవా?"

కారిన్ నోరు తెరిచింది. చెప్పాల్సింది జ్వరం మాత్ర కంటే చేదు కాబట్టి మళ్ళీ మూసుకుంది. తను పాఠాలు చెప్పే బడికి ఆలస్యమవుతోందని సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది.

విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్లో తల్లీకూతుళ్లిద్దరూ ఆడవాళ్ల బార్బర్‌షాప్ బృందంలో ఉన్నారు. పేరులో మంగలి కొట్టున్నా అక్కడ గడ్డాలు గీయరు, గీత దాటకుండా నాలుగు రకాల గొంతులు కలిపి పాడతారు. మెట్ల బల్లల మీద వరసలుగా నిలబడతారు. వాద్యాలుండవు. మొదట్లో ఒక్కసారి శ్రుతి పీక ఊదుతారు, ఆపైన ఎవరి పీక వాళ్లదే. కారిన్ బృందానికి నాయకురాలు. మార్లిస్ అడుగు గొంతు పాడుతుంది. ఆ అడుగు కుంగితే పైనున్న మూడు అంతస్తులూ కుంగుతాయి.

మార్లిస్ ఫోన్ అందుకుంది. పోటీ శనివారం, నాయకురాలికేమో జ్వరం! మధ్యాహ్నానికి జ్వరం మనిషి కోసమని బృందంవాళ్లు పంపిన రెండు క్యాస్రోల్ వంటకాల గిన్నెలు, ఒక జెల్లో మిఠాయి వాకిట్లో చేరాయి. సాయంత్రం కారిన్ ఇంటికొచ్చేసరికి వర్నా, జోలీన్ చికెన్ సూప్ గిన్నెతో వంటింట్లో కూర్చునున్నారు. వర్నా రాగం పాడే గొంతు, జోలీన్ దానికి పై గొంతు.

"జ్వరం మనిషి అలా తిరక్కూడదు, కూర్చో," అంది వర్నా.

కారిన్ కూర్చోలేదు. ఇంక దాచడం తన వల్ల కాలేదు. "అమ్మా, శనివారం నువ్వు మెట్లెక్కొద్దు."

"పలవరిస్తోంది పాపం," అంది జోలీన్.

కారిన్ తన ఫోన్‌లో పోయిన గురువారం సాధనలో రికార్డు చేసిన పాట పెట్టింది. పాట బాగానే మొదలైంది. సగానికొచ్చేసరికి అడుగు గొంతుల్లో ఒకటి జారింది. మిగిలినవాళ్లు దాన్ని పట్టుకుని నిలబడాలని చూసి తామూ జారారు. ఆ ఒక్క గొంతు ఎవరిదో వంటింట్లో అందరికీ తెలుసు.

"బట్టల సంగతి నువ్వు చూసుకోమ్మా. మేకప్ కూడా..."

"అంటే పాటకి పనికిరాను, పౌడరుకి పనికొస్తానా?" మార్లిస్ గొంతు వణికింది కానీ జారలేదు. "నీకు ఎక్కాలకంటే ముందు ఈ పాటలు నేర్పింది నేను. తప్పు నాదైతే నేనే దిగుతాను. ముందు ఇక్కడ పాడి చూపిస్తా. లేవండే!"

బార్బర్‌షాప్ ఆడవాళ్లు నలుగురు ఒకచోట చేరితే పాట ఆఖరి ముక్క ఒకటి పాడకుండా విడిపోరు. కోపంలో ఉన్నా సరే. నలుగురూ సూప్ గిన్నె చుట్టూ భుజానికి భుజం తగిలేలా నిలబడ్డారు. మార్లిస్‌కి కుడిపక్క వర్నా. కారిన్ మధ్య గొంతు అందుకుంది. ఆఖరి స్వరం పట్టుకునేసరికి, నాలుగూ అచ్చంగా కలిస్తేనే పుట్టే, ఎవరూ పాడని ఐదో గొంతు ఒకటి వాళ్ల తలల మీద మోగింది. గిన్నె మూత చిర్రున అదిరింది.

కారిన్ పీక ఊది చూసింది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

"మరి మెట్ల మీద ఏమవుతోందమ్మా నీకు?"

మార్లిస్ బల్ల అంచు పట్టుకుంది. మెట్ల మీద తన చోటు పై మెట్టు, కుడి చివర. పొడుగు మనిషని మొదట్నుంచీ అక్కడే. అందరూ తనకి ఎడమవైపే ఉంటారు. కుడివైపు తెర తప్ప ఇంకేం లేదు.

"ఎడమ చెవి పోయింది," అంది నెమ్మదిగా. "చలికాలం నుంచి. మెట్ల మీద నాకు మీరెవరూ వినపడరు. ఊహించుకుని పాడతాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెవి పోయిందంటే చోటు పోతుందని. నువ్వు కూతురివే, కానీ పీక ఊదేటప్పుడు నాయకురాలివి."

కారిన్ కళ్లు నిండాయి. తాను విన్నది జారిన స్వరాన్నే. అది ఎక్కణ్నుంచి జారుతోందో ఒక్కసారీ అడగలేదు. తల్లిని గట్టిగా పట్టుకుంది, ఈసారి కుడిపక్కన నిలబడి. "చోటు పోదమ్మా, మారుతుంది."

"అయితే ఎడమ చివరికి పోతాను. అక్కడున్న లావెర్న్ కదలనంటే మెట్టుతో సహా ఎత్తి ఇటు పెడతాను," అంది మార్లిస్ కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు చర్చి హాల్లో సాధనకి చేరినప్పుడు ఎత్తాల్సిన అవసరం రాలేదు. లావెర్న్ నవ్వి తప్పుకుంది. మార్లిస్ ఎడమ చివర నిలబడింది. బృందమంతా కుడిచెవిలోకి ఒక్కసారిగా వచ్చిపడింది, నెలల తర్వాత ఇంటికొచ్చిన చుట్టాల్లాగా. పాట ముగిశాక కారిన్ పీక ఊదింది. మొదలైన శ్రుతిలోనే ఉన్నారు! హాలంతా కేకలు.

"కారిన్, ఇంతకీ నీ జ్వరం తగ్గిందా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

కారిన్ తల్లి వైపు చూసింది. చెప్పాల్సింది ఆవిడే.

మార్లిస్ మెట్టు మీదే నిటారుగా నిలబడింది. "దానికి జ్వరం రాలేదర్రా! అది స్వరం అంది, నేను జ్వరం అని విన్నాను. నాకు ఎడమ చెవి వినపడదు. ఇక నాతో ఏమైనా చెప్పాలంటే కుడిపక్కకి రండి." నవ్వులు ఆగేదాకా ఆగింది. "క్యాస్రోల్ గిన్నెలు కడిగి తెచ్చాను, ఎవరివి వాళ్లు పట్టుకెళ్లండి. పీక ఊదవే, మళ్ళీ మొదట్నుంచి!"