తుఫాను నడుమ పైరమ్మ

తూర్పు సముద్రపు ఒడ్డున మొగలితీరం అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని జయకేతు మహారాజు పాలించేవాడు. ఆ రాజ్యంలో పొలాలు తక్కువ, పడవలు ఎక్కువ. రాజుగారి పల్లకీ మోసే బోయీల ఇంట్లో అయినా, కోటలో వంట చేసేవాళ్ల ఇంట్లో అయినా సముద్రం మీదికి వెళ్లే మనిషి ఒకరైనా ఉండేవారు.

ఆ రోజుల్లో అక్కడి సాయంత్రాలు ఎంత బాగుండేవో! పొద్దు వాలే వేళకు జనమంతా రేవు పక్కనున్న గుట్ట దగ్గర చేరేవారు. ఆడవాళ్లు ఎండుచేపల తట్టలు దించి నడుం వాల్చేవారు. ముసలివాళ్లు చిరిగిన వలలు అల్లుకుంటూ పాత కబుర్లు చెప్పుకునేవారు. అప్పుడు గుట్ట మీదికి పైరమ్మ వచ్చేది. ఆమె గాలులకు తల్లి. ఆమె కొంగు కదిలితే చాలు, కొత్త వానకు తడిసిన ఇసుక వాసన వచ్చేది. పైరమ్మ కళ్లు చికిలించి సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసి, మరునాటి సంగతి చెప్పేది.

"రేపు పొద్దున ఆగ్నేయం నుంచి సన్నగాలి వీస్తుంది. మధ్యాహ్నానికి కెరటం నడుమెత్తు లేస్తుంది. ఉత్తరాన దీవుల దగ్గర ఉరుములున్నాయి. అటు పోకండి."

అంతే. జనం లేచి ఇసుక దులుపుకుని ఇళ్లకు వెళ్లేవారు. ఆ మాట మీదే పడవలు కదిలేవి, ఆ మాట మీదే ఆగేవి.

అలాంటి పైరమ్మ మాట ఒక ఏడు తప్పింది. "రేపు సముద్రం చల్లగా ఉంటుంది" అని చెప్పింది. కానీ ఉత్తరానికి పోతున్న వాయుగుండం దారి మళ్లి రేవు మీద విరుచుకుపడింది. వేటకు వెళ్లిన పడవల్లో చాలా తిరిగి రాలేదు. జాలర్లతో సరదాగా వెళ్లిన యువరాజు వసంతకేతు రాలేదు. ఎర్రన్న అనే జాలరి కూడా రాలేదు.

రాజు గుట్ట దగ్గరకు వచ్చి, "నీ మాట నమ్మి నా బిడ్డను పంపుకున్నాను" అన్నాడు. పైరమ్మ తల వంచుకుంది. "ఇక ఈ నోటితో రేపటి సంగతి చెప్పను" అని ఒట్టు పెట్టుకుని, నీళ్ల మీద నడుచుకుంటూ నడిసముద్రానికి వెళ్లిపోయింది.

ఏళ్లు గడిచాయి. గుట్ట మీద గడ్డి మొలిచింది. ఎప్పుడు ఏ గాలి వస్తుందో తెలియక పడవలు మునిగిపోతూనే ఉన్నాయి. దానికి తోడు నడిసముద్రంలో ఒక పెద్ద తుఫాను పుట్టి, చెదిరిపోకుండా ఏటేటా ఒడ్డుకు దగ్గరవుతోంది. చివరకు రాజు కొండ మీద తపస్సు చేసుకుంటున్న శంఖపాల మునిని పిలిపించి సంగతేమిటని అడిగాడు.

"మహారాజా, అది పైరమ్మ మౌనం. ఆమె చెప్పకుండా దాచుకున్న మాటలన్నీ ఆమె చుట్టూ సుడిగాలిగా తిరుగుతున్నాయి. ఈ వానాకాలంలో అది మొగలితీరాన్ని మింగేస్తుంది. ఆమె మాట వల్ల అయినవారిని పోగొట్టుకున్నవాళ్లే వెళ్లి, మళ్లీ ఆ మాటే అడగాలి. అప్పుడు ఒట్టు వీడుతుంది" అన్నాడు ముని.

"నేను వెళతాను" అని రాజు లేచాడు. కానీ అతడికి వయసు మీద పడింది. అప్పుడు అక్కడ చేరిన జనంలోంచి ఒక అమ్మాయి ముందుకు వచ్చింది. ఆమె ఎర్రన్న కూతురు నూకాలు. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని పైరమ్మ మాటలు విన్న పిల్ల.

"తమరు తెడ్డెయ్యలేరు బాబూ. నానెల్తాను" అంది.

రాజు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "వెళ్లు తల్లీ. ఆ రోజు నేనన్న మాట దుఃఖంలో అన్నదని, దాన్ని వెనక్కి తీసుకున్నానని చెప్పు" అన్నాడు.

నూకాలు తల్లి అసిరమ్మ మాత్రం రేవులో పడవకు అడ్డం నిలబడింది. "ఓలమ్మా! మీ అయ్యని మింగిన సంద్రమే ఇది. నిన్ను కూడా దానికే ఇచ్చీమంటావేటి?"

"ఊరుకుంటే అదే మనింటికొస్తాదమ్మా" అంది నూకాలు. అసిరమ్మ అంబలి కుండ పడవలో పెట్టి పక్కకు తప్పుకుంది.

నూకాలు తెరచాప ఎత్తి తూర్పుకు సాగింది. కొంత దూరం పోయాక గాలి చచ్చిపోయింది. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. నీళ్లు నూనెలా కదలకుండా ఉన్నాయి. ఎంత తెడ్డు వేసినా పడవ ఉన్నచోటనే ఉంది. దాహంతో ఆమె నాలుక పిడచకట్టుకుపోతుండగా పడవ పక్కనే ఒక పెద్ద తాబేలు తల పైకెత్తింది. దాని వీపు మీద నాచు, గవ్వలు పట్టి ఉన్నాయి.

"ఇది గాలి లేని కడలి. ఇక్కడికి వచ్చినవాళ్లు తిరిగి పోలేరు. ఏ ఊరమ్మాయివి?" అని అడిగింది తాబేలు.

"మొగలితీరం, తాతా."

తాబేలు ముసలి కళ్లు మెరిశాయి. "మొగలితీరమా! నేను పుట్టిన ఇసుక అది. గుడ్లు పెట్టే ఆడ తాబేళ్లకు తోడుగా ఒడ్డు దాకా వచ్చి, అలల్లో తల దాచుకుని పైరమ్మ మాటలు వినేవాణ్ణి. ఒక్కసారి ఆమెలా చెప్పి వినిపించవూ?"

నూకాలు కళ్లు మూసుకుంది. తండ్రి భుజాల మీది ఉప్పు వాసన గుర్తుకొచ్చింది. "రేపు పడమటి గాలి లేస్తుంది. చిన్న పడవలు ఒడ్డు విడవకండి. సాయంత్రానికి తేటపడుతుంది" అని పైరమ్మ గొంతుతో చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. తాబేలు పడవకు మరింత దగ్గరగా వచ్చింది. తర్వాత, "ఆ మోకు ఇలా అందించు, మనవరాలా" అని, తాడు నోట కరుచుకుని పడవను గాలి ఉన్న నీళ్ల దాకా లాగింది.

అక్కడ నురుగు మేడ మీద మంజులాసురుడనే రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. వాడి గొంతు తేనెలా ఉంది.

"కుడివైపు కెరటాలు చూశావా? అటు పోకు. ఎడమవైపు రా బిడ్డా, నీళ్లు అద్దంలా ఉన్నాయి. రేపూ ఎండే, ఎల్లుండీ ఎండే!"

ఎడమవైపు నీళ్లు నిజంగానే మిలమిలా మెరుస్తున్నాయి. నూకాలు చుక్కాని అటు తిప్పబోయి ఆగింది. "మరి చెడ్డరోజు ఎప్పుడొస్తాది?" అని అడిగింది.

"నా సముద్రంలో చెడ్డరోజే లేదు!"

"చెడ్డరోజు లేని సంద్రం ఉంటాదేటి? పైరమ్మ ఎన్నిసార్లు మమ్మల్ని ఒడ్డునే కట్టీసింది! వేట పోయిందని మా అయ్యే ఎన్నోసార్లు ఇసుక్కునేవోడు. నీ మాట నాకొద్దు!" అని చుక్కాని కుడివైపుకు తిప్పింది.

రాక్షసుడు అరుస్తూ మీదికి దూకాడు. కానీ మాట నమ్మేవాళ్లు లేకపోతే వాడికి బలం లేదు. మేడతో సహా నురుగై విడిపోయాడు. అద్దంలాంటి నీళ్ల కింద పెద్ద సుడిగుండం నోరు తెరుచుకుని కనిపించింది.

కెరటాలు దాటాక ఆకాశమంత ఎత్తున నల్లటి మబ్బుల గోడ ఎదురైంది. అది ఉరుముతూ గుండ్రంగా తిరుగుతోంది. "నేను ఇక రాలేను. తెరచాప దించెయ్యి. కెరటానికి పడవ పక్క చూపించకు, ముక్కు చూపించు" అని చెప్పి, అంతదాకా పడవ వెంట ఈదుకుంటూ వచ్చిన తాబేలు ఆగిపోయింది.

నూకాలు తనను తెరచాప కొయ్యకు కట్టుకుని, చుక్కాని రెండు చేతులా పట్టుకుంది. కొండల్లాంటి అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాన రాళ్లలా కొట్టింది. "అయ్యా!" అని ఆమె గొంతు చించుకుని అరిచింది. తండ్రి చివరి క్షణాలు ఇలాగే గడిచాయేమో అనుకుంటే భయం కన్నా ప్రేమే ఎక్కువగా పొంగింది. చేతులు బొబ్బలెక్కినా చుక్కాని వదలలేదు.

ఉన్నట్టుండి గాలి ఆగింది. ఎండ కాసింది. చుట్టూ మబ్బుల గోడ, నడుమ బావి మూతిలా గుండ్రటి నీలాకాశం. ఎక్కడెక్కడి తీరాల నుంచో కొట్టుకొచ్చిన పక్షులు అలసిపోయి నీటి మీద తేలుతున్నాయి. ఒక నల్లరాతి మీద పైరమ్మ మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుంది.

"ఎవరి బిడ్డవమ్మా?"

"ఎర్రన్న కూతుర్ని."

పైరమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "మీ అయ్యను నేనే పంపాను."

"సంద్రం తీసుకుపోయింది, నువ్వు కాదు. రాజుగోరు కూడా ఆ మాట ఏడుపులో అన్నారంట, ఎనక్కి తీసుకున్నానని సెప్పమన్నారు" అంది నూకాలు. "నువ్వెల్లిపోయినాక ఇంకెంతమంది పోనారో తెల్సా? నువ్వు సెప్పినా ఎల్తాం, సెప్పకపోయినా ఎల్తాం. మా పొట్టకి సంద్రమే కదా దిక్కు?"

"మళ్లీ తప్పితే?"

"తప్పితే నీతో కూసుని ఏడుస్తాం. నువ్వు మావోళ్ల మనిసివే కదమ్మా!" నూకాలు రాయి ఎక్కి ఆమె పక్కన కూర్చుంది. "సెప్పమ్మా, రేపెలాగుంటాది?"

పైరమ్మ తల ఎత్తి, ఆనాటిలా కళ్లు చికిలించి సముద్రాన్ని చూసింది. "రేపు... వాన తగ్గుతుంది. దక్షిణం నుంచి మెత్తటి గాలి వీస్తుంది. పడవ ఇంటికి చేరుతుంది."

ఆ మాటతో మబ్బుల గోడ పగుళ్లిచ్చింది. దూదిపింజల్లా విడిపోయి నలుదిక్కులకూ చెదిరిపోయింది. పక్షులన్నీ ఒక్కసారిగా లేచి తమ తమ తీరాల వైపు ఎగిరాయి.

మెత్తటి గాలి మీద పైరమ్మ, నూకాలు ఎక్కిన పడవ మొగలితీరం చేరింది. అసిరమ్మ మోకాలి లోతు నీళ్లలోకి పరుగెత్తి కూతుర్ని వాటేసుకుంది. రాజు పైరమ్మ చేయి పట్టుకుని తానే గుట్ట ఎక్కించాడు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. రాజు ఆ రోజే నూకాలును తన కూతురుగా ప్రకటించాడు. తర్వాత ఆమె ఆ రాజ్యాన్ని ఎంతోకాలం చల్లగా ఏలింది.

పైరమ్మ తిరిగి వచ్చిన ఆ సాయంత్రం రేవంతా జనంతో నిండిపోయింది. పైరమ్మ మాటలు ఎన్నడూ వినని పిల్లలు పెద్దల భుజాల మీదికి ఎక్కారు. పైరమ్మ సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసింది. మళ్లీ చూసింది.

"రేపటి గాలి ఎటు తిరుగుతుందో నాకు తెలియడం లేదు. రేపు ఒడ్డునే ఉండండి" అంది.

వేట పోయిందని ఎవరూ విసుక్కోలేదు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. జనం లేచి, ఇసుక దులుపుకుని ఇళ్లకు వెళ్లారు.