రంగు గీకేసిన మేగజైన్

"ఆదివారం రేసులో ఎవ్జెన్ కలోస్‌ని లేపేస్తారు" అన్నాడు కర్నల్ ఓతకార్, సాసేజ్ ముక్కని ఆవముద్దలో అద్దుకుంటూ.

ఏజెంట్ రాడిమ్ హుర్తా ఆశ్చర్యపోలేదు. చావు కబురు ఏదైనా కర్నల్ తింటూనే చెబుతాడు.

కలోస్ రిటైరైన కెమిస్టు. దేశంలో దొంగచాటుగా తయారైన విషవాయువుని ఏ విదేశీ ముఠా కొనుక్కుపోయిందో ఆయనకి తెలుసు. సోమవారం ప్రాగ్ కోర్టులో బోనెక్కి పేర్లు చెప్పబోతున్నాడు.

"ఎక్కడైనా దాచెయ్యొచ్చుగా సార్."

"రానంటున్నాడు. జావోర్నాలో పాత ఆటగాళ్ళ బయాథ్లాన్ జరిగితే, పడిన టార్గెట్లని నిలబెట్టే తాడు లాగేది ఆయనేనట. నేను లేకపోతే ఎవడు లాగుతాడయ్యా అని నన్నే అడుగుతున్నాడు."

"షూటరు?"

"రేసులో దిగేవాళ్ళలోనే ఒకరు. స్కీల మీద వస్తారు, రైఫిల్ దించుతారు, కాలుస్తారు. ఇన్ని తుపాకులు పేలుతుంటే ఒక తూటా దారి తప్పితే ఎవడు చూడొచ్చాడు? నువ్వు అక్కడ రైఫిల్ మెకానిక్‌వి. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది, రేసులోనూ దిగుతోంది. అంతా సవ్యంగా ఉంటే 'సూపులో వెల్లుల్లి తగ్గింది' అంటుంది. అనలేదంటే ఎదురు తిరిగినట్టే."

"ఎవరు సార్?"

కర్నల్ నమలడం ఆపాడు. "బ్లాంకా."

రాడిమ్ కిటికీ వైపు చూశాడు. బ్లాంకాని ఇప్పుడు దేశమంతా టీవీలో చూస్తుంది, ఆమె కట్టిన స్కార్ఫే మర్నాటికి బజారంతా కనిపిస్తుంది. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే జూనియర్ బయాథ్లాన్ జట్టు. పెళ్ళి ముహూర్తం దాకా వచ్చారు. అంతలో అతను ఈ ఉద్యోగంలో చేరాడు. ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పలేడు, ఎందుకు చెప్పలేడో కూడా చెప్పలేడు. చివరికి ఆమె ఉంగరం తీసి అతని అరచేతిలో పెట్టేసింది. ఆ తర్వాత ఆమె కూడా ఇదే ఊబిలోకి దిగుతుందని అతను అనుకోలేదు.

ఆదివారం జావోర్నాలో చలి ఎముకలు కొరుకుతోంది. రైఫిల్ షెడ్డులో రాడిమ్ అతికించుకున్న గడ్డంతో, నూనె మరకల కోటుతో, రైఫిల్‌కి తూటాలందించే మేగజైన్లు ముందేసుకుని కూర్చున్నాడు. చెవిలో బఠాణీ గింజంత రిసీవరు. పక్కనున్న వ్యాక్స్ డబ్బాలో ట్రాన్స్‌మిటరు. 

వేషమైనా పని మాత్రం నిజంగానే చేశాడు. పాయింట్ టూటూ రైఫిల్‌కి జబ్బు చేస్తే ముందు చూడాల్సింది మేగజైన్‌నే. తూటా అడుగున చిన్న అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు కూర్చోవాలి. వెనక పడితే రెండూ లంకె పడి కదలవు. తూటాలకి పూసిన మైనం, మసి లోపల పేరుకుంటే స్ప్రింగు ఎత్తలేదు. పెట్రోలుతో కడగాలి, గుడ్డతో పొడిగా తుడవాలి. ఇవన్నీ అతనికి నేర్పింది జట్టు కోచ్.

కోచ్ ఇంకొకటి కూడా నేర్పాడు. జట్టులో ఒక్కొక్కరి మేగజైన్ మీద ఒక్కో రంగు గోళ్ళరంగు చుక్క. బ్లాంకాది ఎరుపు. రాతి మీద పడి మొండికేసిన మేగజైన్‌ని మళ్ళీ ఎవరూ వాడకూడదు. దాని యజమానే చుక్క గీకేసి, తూటాని పట్టుకునే పైఅంచులు రెండూ పట్టకారుతో నొక్కేసి, తలుపు దగ్గరి కాఫీ డబ్బాలో వేయాలి. "పోయింది పాపం, టోపీలు తియ్యండి" అనేవాడు కోచ్. పిల్లలంతా నిజంగానే టోపీలు తీసేవాళ్ళు. ఇంకే జట్టులోనూ ఈ తంతు లేదు.

బ్లాంకా సూపు గిన్నెతో లోపలికొచ్చింది. ఆమె రైఫిల్ మోస్తూ వెనకే ఒకడు. "లీబోర్. నా స్కీలకి మైనం పట్టించే కుర్రాడు" అంది.

"సూపెలా ఉంది?" అన్నాడు రాడిమ్.

ఆమె ఒక్క క్షణం గిన్నెలోకి చూసింది. "బాగుంది."

వెల్లుల్లి మాట రాలేదు. వ్యాక్స్ డబ్బా కర్నల్‌కి అంతా వినిపిస్తూనే ఉంది.

ఆమె మూడు మేగజైన్లు బల్ల మీద పెట్టింది. మూడూ అద్దంలా శుభ్రంగా ఉన్నాయి. లీబోర్ చొరవగా నూనె డబ్బా అందుకున్నాడు. "చలికి పట్టేస్తాయేమో, తలా రెండు చుక్కలు వెయ్యనా?"

"అక్కడ పెట్టు" అంది బ్లాంకా.

ఇంత చలిలో మేగజైన్‌లో నూనె పోస్తే మైనంతో కలిసి జిగురవుతుంది, తూటా పైకి లేవదు. ఇక్కడ స్కీ కట్టిన పదేళ్ళ పిల్లకి కూడా ఆ సంగతి తెలుసు. వీడు ఈ కొండల మనిషి కాదు, ముఠా మనిషి. ఆమె వీడితో వచ్చింది, పైగా కోడ్ చెప్పలేదు. రాడిమ్ లెక్క తేలిపోయింది.

బ్లాంకా నాలుగోది గుప్పిట్లోంచే చాపింది. "దీన్నీ చూడు."

"నువ్వు తుడిచినవి మళ్ళీ నేను చూడాలా?"

"ఒక్కసారి చూడు, రాడిమ్."

గడ్డం వెనక తనని గుర్తుపట్టేసిందని అతనికి అర్థమైంది. అదే క్షణంలో చెవిలో కర్నల్ గొంతు: "ఎదురు తిరిగింది. రైఫిల్ టార్గెట్ వదిలి తిప్పితే ఆలోచించకు." అతనికి ఆమె ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది. 

"అక్కర్లేదు. నీ మేగజైన్‌ని ఎప్పుడో నమ్మాను."

"అప్పుడూ అంతే. నమ్ముతున్నానని చెప్పి చూడ్డం మానేశావు." 

ఆమె దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయింది. వెనకే లీబోర్.

మూడు రౌండ్లు ఆమె గురి తప్పలేదు. ప్రతిసారీ కలోస్ తాత సంతోషంగా తాడు లాగి టార్గెట్లు నిలబెట్టాడు. "భలే అమ్మాయ్, ముసలాణ్ణి ఊపిరి తీసుకోనివ్వవా?" అని అరిచాడు కూడా.

నాలుగో రౌండు నిలబడి కాల్చేది. రాడిమ్ ఆమె వెనక, పనిముట్ల పెట్టెలో పిస్టల్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆమె చివరి మేగజైన్ ఎక్కించింది. బోల్టు లాగి మూసింది. రైఫిల్ నెమ్మదిగా ఎడమకి తిరిగింది. టార్గెట్లు దాటింది. తాడు పట్టుకున్న కలోస్ గుండె మీద ఆగింది.

టక్.

ఖాళీ శబ్దం. కానీ అది చెవికి చేరేలోపే రాడిమ్ వేలు నొక్కేసింది. 

బ్లాంకా మంచులో కూలబడింది. జనం అరుస్తున్నారు, లీబోర్‌ని టీ అమ్మేవాళ్ళు ఇద్దరు నేలకేసి అదిమారు. వాళ్ళు కర్నల్ మనుషులే. రాడిమ్ ఆమె తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"చూడమన్నానుగా" అంది. అంతే.

అతను రైఫిల్ నుంచి మేగజైన్ లాగాడు. ఐదు తూటాలూ అలాగే ఉన్నాయి. ఎరుపు చుక్క గీకేసి ఉంది. పైఅంచులు పట్టకారుతో నొక్కేసి ఉన్నాయి. అందులోంచి తూటా బయటికి రావడం కల్ల. రాడిమ్ టోపీ తీశాడు. తీసి, దాన్నే ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

సాయంత్రానికి లీబోర్ నోరు విప్పాడు. బ్లాంకా తమ్ముడు ముఠా చేతిలో ఉన్నాడు. ఆమె కాల్చకపోతే వాణ్ణి చంపేస్తారు. అంతా సవ్యంగా లేదు కాబట్టే ఆమె వెల్లుల్లి మాట అనలేదు. అందరూ చూస్తుండగా ట్రిగ్గర్ నొక్కి, మేగజైన్ మొరాయిస్తే అది ఆమె తప్పు కాదు. కలోస్ బతుకుతాడు, తమ్ముడూ బతుకుతాడు. ఆ మేగజైన్ సంగతి ముందే తెలియాల్సింది ఒక్కడికి, తుపాకి పట్టుకుని వెనక నిలబడేవాడికి. వాడికే చాపింది.

తమ్ముణ్ణి ఆ రాత్రే విడిపించారు. సోమవారం కలోస్ కోర్టులో పేర్లన్నీ చెప్పాడు. కర్నల్ రాడిమ్‌ని ఆఫీసుకి పిలిచాడు. ఆ రోజు ఆయన ముందు ప్లేటు లేదు. 

"మిషన్ సక్సెస్ అని పైవాళ్ళు మెచ్చుకున్నారు. నీకేమైనా కావాలా?"

"ఆ మేగజైన్ ఇప్పించండి సార్."

"అది పాడైపోయిందిగా, పనిచెయ్యదు."

"లేదు సార్" అన్నాడు రాడిమ్. "నిన్న సరిగ్గా పనిచేసింది అదొక్కటే."