అరవై మందికొక ఏనుగు

"రెండు నిమిషాల కిందట మైనస్ ఎనభై నాలుగు. ఇప్పుడు మైనస్ నూట ఏడు," అంది జరీనా, మెడలో వేలాడుతున్న, సిగ్నల్ బలం కొలిచే స్కానర్ తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "గాలి లేదు, వాన లేదు. టవర్ కదల్లేదు, నేనూ కదల్లేదు. మరి ముప్పై అయిదు వందల బ్యాండ్ ఇంతలా ఎందుకు పడిపోయింది?"

పక్కన గట్టు మీద చతికిలబడిన సింహాద్రి ఆ లెక్కలేవీ వినిపించుకోలేదు. గాలి ఒకసారి గట్టిగా పీల్చి, మోకాలు పట్టుకుని నెమ్మదిగా లేచాడు.

"అమ్మా, ఆ పెట్టి కుయ్‌కుయ్ మనకుండా ఆపు. నాలాగే ఎనక్కి అడుగెయ్యి. పరిగెట్టకు."

"ఏమైంది?"

"మొక్కజొన్న ఎనకాల పెద్దమ్మి నిలబడుంది."

పెద్దమ్మి అంటే ఆ మందకి నాయకురాలైన ఆడ ఏనుగు. ఏడేళ్ల కిందట ఎనిమిది ఏనుగులు కొండలు దాటి గుమ్మడివలస చుట్టుపక్కలకి వచ్చాయి. మళ్లీ పోలేదు. అవి ఎప్పుడు ఏ చేలో ఉన్నాయో కనిపెట్టి ఊళ్లని హెచ్చరించడానికి ఏనుగుల ప్రాజెక్టువాళ్లు పన్నెండు మంది ట్రాకర్లని పెట్టుకున్నారు. సింహాద్రి వాళ్లలో ఒకడు. యాభై మూడేళ్లవాడు, జాతాపు గిరిజనుడు. ఏడేళ్లుగా అతని బతుకంతా ఆ ఎనిమిది తోకల వెనక నడకే. నడుస్తూ తిన్నాడు, చెట్టుకి ఆనుకుని కునికాడు. అంత నడిచినా అయిదుగురు మనుషులూ, కరెంటు తీగ తగిలి ఇక్కడే పుట్టిన ఒక గున్నా పోయారు. ఎవరు పోయినా కబురు చెప్పాల్సిందీ, తిట్లు పడాల్సిందీ అతనే.

జరీనా కర్నూలు అమ్మాయి, రేడియో ఇంజనీరు. పొద్దున్నా సాయంత్రమూ ఫోన్లు పనిచెయ్యడం లేదని ఊరివాళ్లు మొరపెట్టుకుంటే, ఏ బ్యాండ్ ఎక్కడెంత బలంగా అందుతోందో పోల్చి చూడ్డానికి వచ్చింది. ఆమెకి తోడుగా సింహాద్రిని పంపారు.

ఇద్దరూ రోడ్డు దాకా వెనక్కి వచ్చి కల్వర్టు మీద కూర్చున్నారు. భయం తీరాక ఆమె అడిగిన మొదటి మాట, "ఎంత బరువుంటుంది బాబాయ్ అది?"

"నాలుగు టన్నులకి తక్కువుండదు."

"అందులో సగం పైగా నీళ్లే." ఆమె తెరని అతని వైపు తిప్పింది. రెండు గీతలు. ఒకటి దాదాపు చదునుగా ఉంది, రెండోది గోతిలో పడింది. "ఈ చదునుగా ఉన్నది ఏడు వందల బ్యాండ్. దాని అల మూరెడు పొడవుంటుంది. పడిపోయింది ముప్పై అయిదు వందలది, దాని అల నాలుగు వేళ్ల వెడల్పే. పొడుగు అల అడ్డమొచ్చినదాన్ని చుట్టుకుని ఇవతలకి వచ్చేస్తుంది. పొట్టి అల నీళ్లలో అక్కడికక్కడే ఇంకిపోతుంది. రెండూ కలిసి తగ్గితే మధ్యలో కొండ ఉందనుకోవాలి. పొడుగుది నిలిచి పొట్టిదొక్కటే పడిపోతే నీళ్లున్నాయనుకోవాలి. పచ్చాకులో కూడా నీళ్లుంటాయి, కానీ చెట్టు నడిచి రాదు కదా."

"అంటే నీ పెట్టికి ఏనుగు అవుపడిందంటావు."

"ఏనుగు కాదు, దాని నీడ. పొలాల చుట్టూ స్తంభాలు పాతి వాటికి ఇలాంటి పెట్టెలు పెడితే ప్రతి నీడా తెలిసిపోతుంది. ఎక్కడుందో, ఎటు పోతోందో."

సింహాద్రి చాలాసేపు ఆ గీతల్ని చూశాడు. పోయిన అయిదుగురి పేర్లూ మనసులో మెదిలాయి. కానీ నోటి వెంట వచ్చింది వేరే మాట. "అయితే ఇక నాను నడవక్కర్లేదా?"

"అక్కర్లేదు బాబాయ్. ఇంటికెళ్లి పడుకోవచ్చు."

ఆ మాట అతనితో అన్నవాళ్లు ఏడేళ్లలో ఎవరూ లేరు.

ఏడాది తిరక్కుండా నలభై స్తంభాలు లేచాయి. ఏనుగు పొలిమేర దాటితే చాలు, చుట్టూ ఉన్న ఊళ్లలో ప్రతి ఫోనూ మోగేది. ఎన్ని ఏనుగులు, ఎవరి చేను, ఏ వైపు నడక, అన్నీ తెలుగులో వచ్చేవి. జనం పశువుల్ని విప్పుకుని ముందే పక్కకి తప్పుకునేవాళ్లు. ఎనిమిది నెలల్లో ఒక్క మనిషి పోలేదు.

పదకొండు మంది ట్రాకర్లని ఇళ్లకి పంపేశారు. పెట్టెల మీద కందిరీగల గూళ్లు దులపడానికి ఒక మనిషి కావాలి కాబట్టి సింహాద్రిని ఉంచారు. అందరికంటే పెద్దవాడని, మోకాలు పాడైందని అతన్నే ఎంచారు. అతనికి జోడీగా నడిచిన గంగులు ఆ రోజు నుంచి అతనితో మాట మానేశాడు. అడవిలో ఇద్దరూ కలిసి వాడుకున్న టార్చిలైటు తెచ్చి సింహాద్రి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు.

సింహాద్రి మూడు రోజులు లేవకుండా పడుకున్నాడు. నాలుగో రోజు లేస్తే ఒళ్లు ఇంకా బరువుగానే ఉంది. అలుపు ఎముకల్లోకి ఇంకిపోయాక నిద్రకి లొంగదని అప్పుడు తెలిసింది.

హెచ్చరికలు ఊళ్లని దాటి పట్నం ఫోన్లలోకి పాకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఏనుగు ఏ చేలో ఉందో గజం తేడా లేకుండా తెలుస్తుంటే చూడ్డానికి రాకుండా ఎవరుంటారు? ముందు బైకుల మీద కుర్రాళ్లు వచ్చారు. తరవాత ఆటోల్లో కుటుంబాలు, వాటి వెనకే పునుగుల బండి. ఒక ఆదివారం ఫోన్లన్నీ మోగాయి: "పన్నెండు ఏనుగులు, ఏటి గట్టు."

సింహాద్రి ఉలిక్కిపడి జరీనాకి ఫోన్ చేశాడు. "అమ్మా, మనయి ఎనిమిదే గదా. మొన్న ఈనిన గున్నతో కలిపితే తొమ్మిది. ఈ మూడూ ఏటి?"

ఆమె లెక్క చూసుకుని చెప్పింది. "మనుషులు బాబాయ్. మనిషి ఒంట్లోనూ నీళ్లేగా ఉండేది. ఒంటరిగా నిలబడితే పెట్టెకి పట్టదు, ఒకరినొకరు ఒరుసుకుని నిలబడితే ఒకే పెద్ద నీడ. తూకం వేసి చూశాను. అరవై మందికొక ఏనుగు."

"మరి సరిచెయ్యలేవా?"

"చేస్తాను. ఆరు నెలలు పడుతుంది."

ఆరు నెలలు ఎవరాగుతారు? పన్నెండు ఏనుగులని ఫోన్లో చూసినవాళ్లు ఇంకా ఎక్కువమంది వచ్చారు. వాళ్లు వచ్చేసరికి మంద పదిహేనైంది. పదిహేనని తెలిసి మరికొందరు బయల్దేరారు.

చైత్రం ఎండల్లో ఒక మధ్యాహ్నం ఆ లెక్క ఇరవై ఆరుకి చేరింది. సింహాద్రి పామాయిల్ తోట దగ్గరికి వెళ్లేసరికి ఏటి గట్టు పొడుగునా వెయ్యి మంది బారులు తీరి ఉన్నారు. తోటలో తొమ్మిది ఏనుగులు ఇరుక్కుపోయాయి. పొద్దుటి నుంచి వాటికి నీళ్లు లేవు. ఏరు మూడు వందల అడుగుల దూరంలోనే ఉంది, మధ్యలో ఈ జనం. పుట్టి ఇరవై రోజులైన గున్న తల్లి కాళ్ల మధ్య కూలబడి లేవడం లేదు. పెద్దమ్మి దుమ్ము చల్లుకోవడం మానేసింది. చెవులు విప్పి, తొండం చుట్టుకుని నిలబడింది. దాని అర్థం ఆ వెయ్యి మందిలో ఒక్క సింహాద్రికే తెలుసు.

"ఎనక్కెళ్లండి బాబూ! తొక్కేస్తాది, ఎనక్కెళ్లండి!"

ఎవరూ తిరిగి చూడలేదు. అందరి చేతుల్లోనూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఉన్న ఇద్దరు పోలీసులూ ఒక కొసన అదిలిస్తే జనం ఇంకో కొసన చేరుతున్నారు. అతనికి గొంతు పోయింది. అలాగే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడినప్పుడు, ఒక కుర్రాడు "ఛీ, లైవ్ ఆగిపోయింది, నెట్ లేదు" అంటూ ఫోన్ పైకెత్తి పట్టుకుని రోడ్డు వైపు నడుచుకుంటూ పోయాడు. ఏనుగు వైపు మళ్లీ చూడను కూడా లేదు. అతని వెనకే అతని స్నేహితులిద్దరూ పోయారు.

మంద ఎందుకు కదులుతుందో, దేని వాసనకి పోతుందో ఏడేళ్లు చూసినవాడు సింహాద్రి. వెంటనే ఫోన్ తీశాడు.

"జరీనమ్మా, ఇక్కడ నెట్టు తీసెయ్యగలవా? ఒక్క ఏటి కాడే."

"పొట్టి అలల బ్యాండ్లన్నీ ఆపి ఏడు వందలది ఒక్కటే ఉంచగలను. దాని దారి పొడుగే కానీ ఇరుకు బాబాయ్. మాటలు వెళ్తాయి, వీడియోలు వెళ్లవు. కానీ ఒకటి ఆలోచించండి. రెండూ పోల్చితేనే నీడ తెలిసేది. ఒకటి ఆపితే స్తంభాలన్నీ గుడ్డివైపోతాయి. ఏనుగులు ఎటు వస్తున్నాయో నేను చెప్పలేను."

"నాకు కళ్లున్నాయి గదా. నువ్వు మూసెయ్. వంతెన కాడ జనం రద్దీకని తెచ్చిన మీ సిగ్నల్ వ్యాను ఉన్నాది కదూ, అక్కడ మాత్రం గట్టిగా పెట్టు."

అయిదు నిమిషాలకి గట్టు మీద అలజడి మొదలైంది. ఫోన్లు పైకెత్తారు, దించారు, విదిలించారు. "వంతెన దగ్గర ఫుల్లుగా వస్తోందట" అని ఎవరో అన్నారు, అంతే. బారు తెగింది. పది మంది, నూరు మంది, ఆ తరవాత పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు. వెయ్యి మందీ ఫోన్లు ముందుకి చాచుకుని, ఒకరి వెనక ఒకరు వంతెన వైపు నడిచారు. తప్పెట కొట్టకుండా, దివిటీ వెలిగించకుండా అంత పెద్ద మందని తోలడం సింహాద్రి ఎన్నడూ చూడలేదు.

అరగంటకి గట్టు ఖాళీ అయింది. పెద్దమ్మి ముందు నడిచింది. గున్నని తల్లీ, ఇంకో ఆడ ఏనుగూ తొండాలతో ఎత్తి నెట్టుకుంటూ నీళ్లలోకి దించాయి. సింహాద్రి రెల్లుపొదలో కూర్చుని తొమ్మిదీ లెక్కపెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషానికో అలుపుకో తెలియలేదు.

వారం తిరక్కుండా ఆ తొమ్మిదీ కొండలు దాటి అవతలికి వెళ్లిపోయాయి. కానీ వంతెన దగ్గర జరిగింది మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఏనుగుల ప్రాజెక్టు అధికారి ధనుంజయ్ దాని మీద నలభై పేజీల నివేదిక రాసి, సిగ్నల్ ఆశతో జనాన్ని మళ్లించే ఆ పద్ధతికి "జనమార్గ్" అని పేరు పెట్టాడు. తిరునాళ్ల రద్దీకి కావాలని ఒకరు, మీటింగుల దగ్గరికి కావాలని ఇంకొకరు ఉత్తరాలు రాశారు. బ్యాండ్లు ఆపే స్విచ్ జరీనా చేతిలోంచి ధనుంజయ్ టేబుల్ మీదికి వచ్చింది.

ఏనుగులు పోయాక గూళ్లు దులిపే పని కూడా పోతుందనుకున్నాడు సింహాద్రి. అతన్ని మాత్రం పెదరాయివలసలోని ఆఫీసులో కూర్చోబెట్టారు. మందని తోలడం తెలిసిన మనిషి అని.

ఆ నెలాఖరులో, అప్పట్లో ఇంటికి పంపేసిన పదకొండు మంది ట్రాకర్లూ వచ్చి ఆఫీసు గేటు ముందు జంపఖానా పరుచుకుని కూర్చున్నారు. మళ్లీ పని ఇమ్మని వాళ్లు అడిగేది. నాలుగో రోజున ధనుంజయ్ సింహాద్రిని పిలిచాడు.

"రేపు జనమార్గ్ చూడ్డానికి పైనుంచి బృందం వస్తోంది. గేటు ముందు వీళ్లేమిటి? ఈ మధ్యాహ్నమే ఆఫీసు చుట్టూ సిగ్నల్ తీసేసి, బస్టాండు దగ్గర పెట్టేద్దాం. ఏమంటావు, ఎంతసేపు పడుతుంది?"

"ఆళ్లు నా మనుసులు బాబూ."

"ఎవరైతే ఏమిటయ్యా, మనమేం కొట్టడం లేదు కదా."

సింహాద్రి వరండాలోకి వచ్చి జరీనాకి ఫోన్ చేశాడు. ఆమె అంతా విని, "నా చేతిలో ఏమీ లేదు బాబాయ్. ఈసారి ఏడు వందలది కూడా ఆపమని ఆర్డరు," అంది. "ఆ రోజు మొక్కజొన్న చేలో నేను..." అనబోయింది. ఫోన్ తెగిపోయింది. లోపల ధనుంజయ్ స్విచ్ నొక్కేశాడు.

గేటు దగ్గర ఏమీ జరగలేదు. జంపఖానా మీద ఒకడు బీడీ వెలిగించాడు. ఇద్దరు అప్పటికే నిద్రలో ఉన్నారు. ఏళ్ల తరబడి సిగ్నల్ లేని అడవిలో తిరిగినవాళ్లకి అది పోయిందన్న సంగతే తెలియలేదు.

ఆఫీసులో తెలిసింది. టవర్ బాగుందని ఇంటర్నెట్ తీగలు నిరుడే పీకించేశారు. ముందు టైపిస్టు లేచింది. ఫైలు పంపాలంటూ హెడ్ క్లర్కు లేచాడు. నాలుగింటి హాజరు ఫోన్లో వెయ్యకపోతే జీతం కోతని గుర్తొచ్చి మిగతావాళ్లంతా ఒక్కసారే లేచారు. ఇరవై ముగ్గురూ ఫోన్లు ముందుకి చాచుకుని గేటు దాటి బస్టాండు వైపు నడిచారు. చివరికి పైనుంచి వచ్చే బృందం ఏ రైలెక్కిందో కనుక్కోవాలని ధనుంజయ్ కూడా, ఎండకి తల మీద రుమాలు వేసుకుని, వాళ్ల వెనక బయల్దేరాడు.

ఖాళీ కుర్చీల మధ్య సింహాద్రి కాసేపు నిలబడ్డాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వాటిని ఒక్కొక్కటీ ఆపి, తలుపులు దగ్గరికి వేసి, గేటు దగ్గరికి నడిచాడు. జంపఖానా అంచున నిలబడ్డాడు గానీ కూర్చోలేదు.

గంగులు తల ఎత్తి చూశాడు. ఏడాదిన్నర తరవాత మొదటి మాట అతనే మాట్లాడాడు. "ఆళ్లందరూ ఎటెల్తన్నారురా?"

"సిగ్నల్ కోసం."

గంగులు కాసేపు రోడ్డు వైపు చూసి, కాళ్లు ముడుచుకుని పక్కకి జరిగాడు. ఆ జాగాలో సింహాద్రి మోకాలు నెమ్మదిగా చాపుకుని, తుండు తల కింద పెట్టుకుని పడుకున్నాడు. ఎంతోకాలానికి అతనికి నిద్ర గట్టిగా పట్టింది.

అయిదింటికి చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చిన ధనుంజయ్ గేటు దగ్గర ఆగి, వేలు చూపిస్తూ జంపఖానా మీదున్నవాళ్లని లెక్కపెట్టాడు. లెక్క పన్నెండు వచ్చింది. పొరపాటు పడ్డాననుకుని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.