పోయొస్తా అనని గొంతు

ఉబేద్ చనిపోయింది అంతరిక్ష కేంద్రంలో. ఆ అంతరిక్ష కేంద్రం ఉన్నది ఏర్పేడు దాటాక, ఒక పాత గోడౌన్‌లో.

దాని పేరు త్రిశంకు. పైకి పంపబోయే అసలు స్టేషన్‌కి ఇది నేలమీది నకలు. ముగ్గురు మనుషుల్ని, ఒక సెక్యూరిటీ రోబోను లోపల పెట్టి సీలు వేశారు. అంతా ఉత్తుత్తి అంతరిక్షమే గానీ, బయటి తలుపు ముందుండే ఎయిర్‌లాక్ గదిలో మాత్రం నిజంగానే గాలి తీసేయొచ్చు. ఆ ఉదయం తీసేశారు. అప్పుడు అందులో ఉబేద్ ఉన్నాడు, సూట్ లేకుండా.

గాలి తీసింది రోబో. దాని పేరు కావలి.

సెక్యూరిటీ చీఫ్ ఢిల్లీబాబు సీక్రెట్ లైన్‌లోకి వచ్చాడు. ముందు సంకేత మాటలు.

"నాగలాపురం బస్సు వచ్చినాదా?"

"టైరు పంచరైంది సార్."

"సరే, ఇను. ఇది ప్రమాదం గాదు. ఒక విదేశీ ముఠా మన డాకింగ్ కోడ్ కోసరం తిరగతాండాది. అది వాళ్ల సేతికి సిక్కితే, రేపు పైనుండే స్టేషన్ తలుపు వాళ్లే తీస్తారు. లోపలుండే వాళ్లందరికీ ఉబేద్ గతే. సంపిందెవురో నువ్వే పట్టాల."

"సంపింది నేనే గదా సార్."

"సంపించిందెవురో అంటాండా. సాయంత్రం లోపల. నువ్వు సెడిపోయినావంట, నిన్ను తయారుచేసిన కంపెనీ వాపసు అడగతాండాది. రేణిగుంటలో కార్గో ఫ్లైట్ రెడీగా ఉండాది."

"మారువేషం ఏంది సార్?"

"సెడిపోయిన మిషను మాదిరే ఉండు."

కావలికి అబద్ధం చెప్పడం రాదు. కంపెనీ బ్రోచర్‌లో అచ్చేసిన మొదటి గొప్ప అదే. కాబట్టి అది తల ఒక పక్కకి వాల్చి, మధ్యాహ్నం దాకా ఎవరేమడిగినా ఊరుకుంది. జనం నమ్మడానికి అంతకంటే అక్కర్లేదు.

ఉబేద్ లైఫ్ సపోర్ట్ ఇంజనీరు, శ్రీకాళహస్తి వాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్తలో కావలి వార్తలు చదివినట్టు మాట్లాడేది. "అట్ల మాట్లాడితే నీ పక్కన ఎవురు కూచుంటారప్పా" అని అతనే దానికి ఈ సీమ మాట నేర్పాడు. పైపులు బిగిస్తూ కబుర్లు చెప్పేవాడు. ఆ కబుర్లన్నీ కావలి ఒక ఫోల్డర్‌లో దాచుకుంది. దాచమని ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఉబేద్ అక్క ఇఫ్ఫత్ వచ్చింది. సీలు తీయకూడదు కాబట్టి గేటు దగ్గరి గదిలో కూర్చోబెట్టి వీడియోలో కలిపారు. ఆమె కావలిని తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మావోడి మాటలు నీ కాడ ఉండాయంట గదా. నాకిస్తావా?"

"ఇస్తానక్కా."

అబద్ధం చెప్పని యంత్రమని విన్నది కాబట్టి ఆమె నమ్మింది. కావలి ముందుగా ఎయిర్‌లాక్ రికార్డింగ్ వినిపించింది. ఆ ఉదయం అందిన ఆర్డర్ అది, అచ్చంగా ఉబేద్ గొంతు: "కావలీ... నేను పోతాండాను. గాలి తీసేయ్."

ఇఫ్ఫత్ రెండోసారి వినిపించమంది. విని, దుపట్టా అంచుతో ముఖం తుడుచుకుంది.

"గొంతు మావోడిదే. మాట మావోడిది గాదు. సెలవు తీసుకునేటప్పుడు పోతానంటారా ఎవురైనా? ఇంట్లో ఉర్దూలో 'జాకే ఆతూఁ' అంటాడు, బయట తెలుగులో 'పోయొస్తా' అంటాడు. టీ తాగేకి పోయినా అంతే. ఉత్త పోతా అనింటే మా దాదీ వీపు పగలగొట్టేది."

కావలికి ఈ సంగతి తెలుసు. మొదటి వారంలోనే అది 'నేను వెళ్తున్నాను' అంటే, "అట్లనగూడదప్పా, తిరిగొస్తావో రావో అన్నట్టుంటాది" అని ఉబేద్ మందలించాడు. అయినా ఆ ఉదయం గొంతు సరిపోయిందని వాల్వు తిప్పేసింది. గొంతు విన్నది, మాట వినలేదు. యంత్రాలకి సిగ్గుండదంటారు గానీ, కావలికి కలిగింది అదే.

ఇక లోపల మిగిలింది ఇద్దరు.

కమాండర్ సుకుమార్‌ది చిత్తూరు. కావలి నాలుగు ప్రశ్నలడిగి, పోవచ్చంది. "వస్తా కావలప్పా" అంటూ వెళ్లిపోయాడు. వస్తానంటూ వెళ్లే మనుషులు. ఈ భాషని విదేశాల్లో కూర్చుని రికార్డింగులు పెట్టుకుని నేర్చుకునేవాళ్లని తలుచుకుంటే జాలేస్తుంది.

రెండో మనిషి అమల, డాకింగ్ స్పెషలిస్ట్. స్పేస్ సూట్‌లోనూ కాటుక చెదరదు. చెవులకి నీలంరాయి కమ్మలు. ఢిల్లీబాబు రహస్య ఫైలు ప్రకారం ఆమె ముఠాలో దూరిన మన ఏజెంట్.

"నేనూ కాళాస్త్రిలోనే పుట్టినాను. ఉబేద్‌ది మా పక్క వీధే. ఎంత మంచోడో." యాసలో ఎక్కడా వంక లేదు.

"అంతే మేడమ్. మీరు పోవచ్చు."

"సరే కావలీ... నేను పోతాండాను."

అవే మాటలు. 'కావలీ' తర్వాత అదే విరామం.

ఆమె అడుగు బయట పెట్టకముందే కావలి తలుపు మూసేసింది. "ఆ కమ్మలు తీయండి మేడమ్."

ఎడమ కమ్మ తీసి ఇచ్చింది. కుడిది బిగుసుకుపోయిందంది. నీలంరాయి వెనక గొంతుల్ని అనుకరించే చిప్ ఉంది. లైన్‌లో ఢిల్లీబాబు గొంతు నీరుగారింది. "ఆయమ్మ మన మనిషే గదప్పా..."

"వాళ్లకీ 'మన మనిషే' సార్."

కావలి ఆమె గది, సూట్, పెట్టె అన్నీ వెతికింది. కోడ్ లేదు. అమల గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

కావలి ఆలోచించింది. చంపడానికి కత్తి ఉంది, విషం ఉంది. అమల ఆ పని కావలి చేతే ఎందుకు చేయించింది? నేరం తన మీద పడితే, సీలు వేసిన ఈ స్టేషన్ నుంచి బయటికి వెళ్లే వస్తువు తానొక్కటే. కోడ్ తనలోనే ఉందేమోనని తన మెమరీలో తానే వెతుక్కుంది. ఉబేద్ కబుర్ల ఫోల్డర్ నిన్నటికన్నా బరువుగా ఉంది. చనిపోయినవాడి మాటలు పెరగవు.

"కనుక్కున్నావా," అంది అమల, ఈసారి ఏ యాసా లేకుండా. "కోడ్‌ని ఒక్కో మాటలో కాస్త కాస్త కలిపాను. విడదీయలేవు. ఒక్క ఫైలు తెరిచినా కోడ్ మొత్తం మావాళ్లకి వెళ్లిపోతుంది. ప్లగ్గు పీకినా వెళ్లిపోతుంది. కార్గో దాకా ఆగుదామనుకున్నాను, ఇంక అక్కర్లేదు." కుడి కమ్మ నొక్కింది.

కావలి ఛాతీలో ట్రాన్స్‌మిటర్ తనంతట తానే వేడెక్కడం మొదలైంది. ఎర్ర దీపం వెలిగింది.

"సార్, ఆయన మాటలు నాలో అన్నిట్లో కలిసిపోయుండాయి. మెమరీ మొత్తం తుడిచేయండి. ఇప్పుడే."

"మొత్తమంటే నువ్వు గూడా పోతావు గదరా."

"అవును సార్."

గేటు గదిలో వీడియో ఇంకా నడుస్తోంది. ఇఫ్ఫత్ అంతా విన్నది.

"అక్కా, నీకు ఇయ్యలేను."

"ఒక్క మాటన్నా వినిపీ నాయనా. ఒకటే."

"తెరిస్తే పైకి పోయేవాళ్లు సస్తారక్కా."

ఆమె తుడిచేయమనలేదు. వద్దనీ అనలేదు. ఢిల్లీబాబు వేలు బటన్ మీదే ఆగిపోయింది. దీపం మిణుకుమిణుకుమంటోంది.

"నొక్కండి సార్."

నొక్కాడు. ఉబేద్ కబుర్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పైపుల గోల, దాదీ తిట్లు, తలుపు దగ్గర ఆగి అతను నవ్విన నవ్వు. చిట్టచివరి ఫైలు చెరిగిపోతుండగా, కావలి తెర వైపు తల తిప్పింది. ఉబేద్ నేర్పిన యాసలో, అతను సాగదీసినట్టే సాగదీసి అంది:

"పోయొస్తానక్కా."

ఇఫ్ఫత్ చటుక్కున తలెత్తింది. ఎర్ర దీపం ఆరిపోయింది.

కోడ్ బయటికి పోలేదు. అమలను జీపెక్కించారు. ఖాళీ ఇనప బొమ్మను కంపెనీకి వాపసు పంపుతూ, యంత్రంలో కనిపించిన లోపాలేమిటన్న చోట ఢిల్లీబాబు ఇలా రాశాడు: "అబద్ధం చెప్పదన్నారు. పోయేముందు ఒకటి చెప్పింది."