మేడ మీద గొరకలు

ఆ రోజు నేను పెట్టిన పులుసులోని మూడు చేపలూ మా మేడ మీద అద్దెకున్న అబ్బాయి పెంచుకుంటున్నవని నాకు తెలియదు. తెలిస్తే వండుతానా?

మే నెల ఆఖరు. తెల్లవారుజామున గాలివాన కొట్టింది. మా నూజివీడులో గాలివాన వస్తే ఎవరైనా ముందు తోటకే పరిగెడతారు, రాలిన కాయ ఏరుకోవడానికి. మా అబ్బాయి లక్ష్మీనరసింహారావు చాట్రాయి తోటకు వెళ్ళిపోయాడు. నేను పెరట్లోకి వచ్చి చూద్దును కదా, రాలిన మామిడికాయల మధ్య మూడు గొరకలు మొప్పలు నేలకు ఆనించి పాకుకుంటూ పోతున్నాయి!

గొరక అంతే. వాన పడితే దానికి నీళ్ళలో కాలు నిలవదు. చిన్నప్పుడు మా పుట్టింటి పొలం గట్ల మీద ఎన్ని చూశానో. అలా నడిచొచ్చిన చేపను వండుకోవడమే మాకు తెలిసిన పద్ధతి. పచ్చి మామిడి ముక్కలు వేసి పులుసు పెట్టాను. మేడ మీద పిల్లవాడు ఒంటరిగా ఉంటున్నాడు కదా అని ఒక గిన్నెడు పంపించాను. నా పేరు చెక్కించిన స్టీలు గిన్నె అది. పట్టుకెళ్ళింది నా మనవరాలు కీర్తిప్రియ.

ఆ అబ్బాయి పేరు దత్తాత్రేయ. దిగి పదిహేను రోజులే అయింది. ఊళ్ళో ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. నీలం డ్రమ్ములు, పైపులు, గులకరాళ్ళు మేడెక్కిస్తుంటే ఏంటని అడిగాం. "మొక్కలు పెంచుకుంటానండీ" అన్నాడు. చేపల మాట ఎత్తలేదు. మేమూ అడగలేదు.

కీర్తి వెళ్ళేసరికి అతను డ్రమ్ములోకి తల దూర్చి లెక్కపెడుతున్నాడట.

"ఏవండీ, మా నాయనమ్మ పులుసు పంపింది."

"అక్కడ పెట్టండి, థాంక్స్. మూడు తక్కువున్నాయి."

"ఏంటి తక్కువున్నాయి?"

"గొరకలండీ. నిన్న పద్నాలుగు. ఇవాళ పదకొండు. వానకి డ్రమ్ము పొంగి మెట్ల మీంచి కిందికి పోయుంటాయి. మీరేమైనా చూశారా?"

కీర్తి గిన్నె మూత మీద చెయ్యి గట్టిగా వేసిందట.

"మూత ఎందుకలా పట్టుకున్నారు?"

"వేడిగా ఉంది."

"వేడిగా ఉంటే పట్టుకోరు కదండీ."

అతను మూత తీశాడు. ముక్కలను ఒక్కొక్కటిగా చూశాడట.

"తోక చివర చిరిగి ఉంది చూశారా, ఇది నా చేతిలో తిన్న మొదటి చేప" అన్నాడు. "పాత గదిలో ఉన్నప్పుడు దీనికి మేత అలవాటు చెయ్యడానికి నలభై రోజులు పట్టింది."

"డ్రమ్ములో చేపలున్నాయని ముందే చెప్పొచ్చుగా!"

"నడుచుకుంటూ వచ్చిన చేపని వండేస్తామని మీరు అద్దెకిచ్చేటప్పుడు చెప్పారా?"

"చెప్పరు! ఎవరైనా చెప్తారా? పోనీ, ఎలాగూ అయిపోయింది, రెండు ముద్దలు తినండి. మా నాయనమ్మ పులుసు అంటే..."

"నేను శాకాహారినండీ."

కీర్తి కిందికి దిగి వచ్చి నా ముందు కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టింది.

నేను మేడెక్కాను. అతను ఆ ముక్కలను కుండీలోని టమాటా మొక్క మొదట్లో పాతిపెడుతున్నాడు. "మీ తప్పేముంది బామ్మగారూ, వల గట్టిగా కట్టనిది నేను" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. ఒక్క కసురు కసిరినా నా మనసు తేలికపడేది. గిన్నె అడగడానికి నాకు నోరు రాలేదు.

అప్పుడు చూశాను ఆ ఏర్పాటంతా. డ్రమ్ములో నీళ్ళను చిన్న మోటారు గులకరాళ్ళ తొట్టెలోకి ఎక్కిస్తుంది. చేపల మురికి అక్కడ మొక్కలకు ఎరువవుతుంది. తేటపడిన నీరు మళ్ళీ డ్రమ్ములోకి జారుతుంది. మట్టి లేకుండా తోటకూర, పాలకూర ఏపుగా ఉన్నాయి.

"చేపలు కొనుక్కోవచ్చుగా బాబూ?"

"కొన్న చేపలు కరెంటు పోతే గంటలో తేలిపోతాయి బామ్మగారూ. గొరక పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. మన ఊరి కరెంటుకి మన పంట కాలవల బోదెల్లో చేపే సరైంది. కాకపోతే బోదెలో పట్టిన చేప డబ్బా మేత ముట్టుకోదు. దానికి నేర్పాలి."

ఆ ఆదివారం కీర్తి స్కూటీ తీసింది. వద్దంటున్నా వినకుండా అతన్ని వెనక కూర్చోబెట్టుకుని కైకలూరు వైపు పంట బోదెల దగ్గరికి తీసుకెళ్ళింది. సాయంత్రం మోకాళ్ళ దాకా బురదతో వచ్చారు. బకెట్లో మూడు గొరకలున్నాయి.

"పట్టింది నేనే నాయనమ్మా. ఈయన గట్టు మీద నిలబడి సారీ చెప్తున్నారు, చేపలకి!"

జూన్ అంతా నేను మేడ మీదే ఉన్నాను. తాండ్ర ఆరబోసి కాకులు వాలకుండా కర్ర పట్టుకు కూర్చునే పని నాది. కాబట్టి ఇదంతా చాటుగా విన్నది కాదు, నా ఎదుట జరిగిందే.

కొత్త చేపలు మేత ముట్టలేదు. వానపాములను సన్నగా తరిగి మేతలో కలపాలి, రోజు రోజుకూ పాములు తగ్గించి మేత పెంచాలి. ఆ తరగడం దగ్గర దత్తు కళ్ళు మూసుకునేవాడు.

"కళ్ళు మూసుకుని కోస్తే వేలు తెగుద్దండీ. ఇటివ్వండి" అని కీర్తి కత్తి లాక్కుంది. ఆ రోజు నుంచి ఆ పని ఆమెదే. మా మామిడి ప్యాకింగ్ షెడ్డు నుంచి కాయల లోడు పంపించి, చేతులకు ఇంకా సొన వాసన పోకముందే మేడెక్కేది.

"ఇవాళ పాములెంత?"

"మూడొంతులు."

"నిన్నా అదే అన్నారు. లెక్చరర్ గారికి లెక్కలు రావా?"

"మీరు పక్కనుంటే తప్పుతున్నాయండీ" అనేసి, అన్నది తనేనా అన్నట్టు డ్రమ్ములోకి చూశాడు.  కీర్తి తరిగిన పామునే మళ్ళీ తరిగింది.

ఇరవై ఆరో రోజున ఒక గొరక నీటి అంచుకు వచ్చి, ఉత్త మేత ఉండను కీర్తి వేళ్ళ మధ్య నుంచి లాక్కుపోయింది. కీర్తి కేక పెట్టి దత్తు చెయ్యి పట్టేసుకుంది. నన్ను చూసి వదిలేసింది. నేను అటు తిరిగి, లేని కాకిని అదిలించాను.

ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. వారానికి రెండుసార్లు మాకు ఆకుకూర మేడ మీది నుంచే దిగేది. నా గిన్నె మాత్రం దిగలేదు.

అక్టోబరులో అతనికి నెల్లూరు దగ్గర చేపపిల్లల కేంద్రంలో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చి చెప్పాడు. మా అబ్బాయి భుజం తట్టాడు. కీర్తి స్వీటు తీసుకోలేదు.

"గొరకల్ని ఏం చేస్తారు?" అంది.

"పట్టిన బోదెలోనే వదిలేద్దామనుకుంటున్నానండీ. అక్కడ గదిలో డ్రమ్ముకు చోటుండదు."

"చేతిలో తినడం నేర్పింది మీరే. ఇప్పుడు బోదెలో వదిలేస్తారా?"

"వాటికి పాత తిండి గుర్తుంటుంది..."

"అన్నీ మర్చిపోగలిగేవైతే మీరంత కష్టపడి నేర్పడం దేనికండీ?"

విసవిసా లోపలికి పోయింది. అతను డబ్బా మూత పెట్టడం మర్చిపోయి నిలబడ్డాడు. పిచ్చి పిల్లలు! గొరకల మాటే మాట్లాడుకుంటున్నామని ఇద్దరూ అనుకుంటున్నారు.

నా సంగతి ఒక్క ముక్క చెప్పాలి. మా ఆయన ఒక ఉదయం చింతలపూడి సంతకు వెళ్తూ వీధిలోంచి కేకేశారు. చేతులకు పిండి ఉందని నేను బయటికి రాలేదు. ఆయన మళ్ళీ రాలేదు. దారిలోనే గుండె ఆగింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు బయలుదేరినా ఆటో మలుపు తిరిగేదాకా నేను వాకిట్లోనే ఉంటాను. అందుకే దత్తు ప్రయాణం రోజు దగ్గరపడే కొద్దీ నాకు నిద్ర కరువైంది.

ఆ మొదటి గాలివాన తర్వాత డ్రమ్ము మీద అతను జాగ్రత్తలు రాసి ఒక కాగితం అంటించి ఉంచాడు. మామిడి పెట్టెల్లో పరిచే పాత పేపర్లలోంచి అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని, కాగితం కనబడితే చదవకుండా ఉండలేను. అందులో నాలుగో మాట ఇది: 'వాన వస్తే వల తప్పకుండా కట్టాలి.'

ప్రయాణం రోజు పొద్దున్నే వాన పట్టుకుంది. మా అబ్బాయి బోదెలో వదిలి రావడానికని చేపలను వెడల్పాటి టబ్బులోకి మార్చి, పైన వల కట్టి, పెరట్లో పెట్టాడు. తొమ్మిదింటికి బస్సు. అతను సామాను కట్టుకుంటున్నాడు. కీర్తి గది తలుపు తియ్యలేదు.

నేను గొడుగు వేసుకుని పెరట్లోకి వెళ్ళి, వల ముడి విప్పేశాను.

కాసేపటికి పద్నాలుగు గొరకలూ పెరడంతా షికారు బయలుదేరాయి.

"కీర్తీ! చేపలే!" అని అరిచాను. తలుపు తెరుచుకుంది. అటు నుంచి దత్తు రెండేసి మెట్లు దూకుతూ వచ్చాడు. మామిడికాయలు కోసే చిక్కం కీర్తి అందుకుంది. అతను బకెట్టు పట్టుకున్నాడు. ఒకటి తులసి కోట వెనక. రెండు బట్టలుతికే బండ కింద. నేను వంటింటి కిటికీలో నిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను, తప్పు క్షమించమని.

"పదమూడు" అంది కీర్తి, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ. "మీ బస్సు వెళ్ళిపోయి ఉంటది."

"వెళ్ళనీండి."

"రేపుంటదిగా ఇంకోటి."

"ఉంటుంది. రేపు వెళ్ళాల్సిందే, ఉద్యోగం కదా."

"వెళ్ళండి మరి. ఎవరాపారు?"

"వెళ్తాను. రెండో శనివారం వస్తాను. మళ్ళీ రెండో శనివారం వస్తాను."

"గొరకల్ని చూడ్డానికా?"

"మిమ్మల్ని చూడ్డానికి. మిమ్మల్ని 'గారు' లేకుండా పిలవాలని జూన్ నుంచి గొరకల దగ్గర ప్రాక్టీస్ చేస్తున్నానండీ. మీ దగ్గరికొచ్చేసరికి నోరు పెగలట్లేదు."

కీర్తి చిక్కం కింద పెట్టింది. "ఇప్పుడు పిలవండి చూద్దాం."

"కీర్తీ."

"మళ్ళీ."

"కీర్తీ. గొరకల్ని నీ దగ్గరే ఉంచుతావా?"

"అవి మొదట్నుంచీ నావే. జూన్ అంతా పాములు తరిగింది ఎవరు?"

పద్నాలుగో గొరక నాకే దొరికింది. పాత రుబ్బురోలు గుంటలో వాననీళ్ళు నిండి ఉంటే, అందులో హాయిగా కూర్చుంది. దాన్ని చూడగానే నాకు ఏడుపు ఆగలేదు. "వల నేనే విప్పాను" అని అందరి ముందూ చెప్పేశాను.

"అమ్మా, నువ్వా!" అన్నాడు మా అబ్బాయి, అప్పుడే తోట నుంచి వచ్చి. ఆ ఇద్దరినీ చూశాడు, బకెట్టునూ చూశాడు. విషయం అర్థమైంది. "పులుసు తినని అల్లుడంటే ఇంట్లో పులుసు మానాలి కదే!"

"మానక్కర్లేదు నాన్నా. గొరకలు మాత్రం వద్దు."

"వాళ్ళమ్మగారేమంటారు?"

ఆ మాటకు దత్తు నవ్వు ఆగింది. తండ్రి లేని పిల్లవాడు. తల్లి సౌభాగ్యలక్ష్మి గారు చింతలపూడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు, గడప దాటి నీచు రానివ్వని ఇల్లు. "అడుగుతానండీ. ఎన్ని నెలలైనా అడుగుతాను" అన్నాడు. చేపకు మేత అలవాటు చెయ్యడానికి నలభై రోజులు ఓపిక పట్టినవాడు. నేను నమ్మాను. నమ్మినా, మర్నాడు అతని ఆటో మలుపు తిరిగాక కూడా చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాను.

నవంబరులో వచ్చాడు. డిసెంబరులో వచ్చాడు. జనవరిలో తల్లిని తీసుకొచ్చాడు.

ఆవిడ మేడెక్కి గొరకలను చూశారు. కీర్తి చేత మేత వేయించి చూశారు. పాలకూర ఆకు తుంచి వాసన చూశారు. ఏమీ తేల్చలేదు.  కిందికి వచ్చాక సంచిలోంచి ఒక గిన్నె తీసి నా చేతిలో పెట్టారు. నా పేరున్న గిన్నె. బరువుగా ఉంది.

"మావాడు ఎనిమిది నెలలు దాచుకున్నాడండీ. ఖాళీగా ఎలా తిరిగిస్తానమ్మా అంటాడు. ఇందులో ఏం వచ్చిందో కూడా చెప్పాడు." ఆవిడ నవ్వారు. "చింతపండు పెట్టి మూడుసార్లు తోమాను. మూడోసారి తోముతుంటే నాకే సిగ్గేసింది. ప్రేమగా పంపిన గిన్నె కదండీ."

మూత తీశాను. పరవాన్నం. యాలకుల వాసన ఇల్లంతా నిండింది.

మాఘంలో ముహూర్తం కుదిరింది. సాయంత్రం దత్తు, వాళ్ళమ్మగారు బయలుదేరారు. ఆటో స్టార్టయింది. కీర్తి గేటు దగ్గర చెయ్యి ఊపుతోంది.

నేను మలుపు దాకా చూడలేదు. లోపలికి వచ్చి, గిన్నె ముందు కూర్చుని, ఆటో చప్పుడు ఇంకా వినబడుతుండగానే పరవాన్నం తిన్నాను.