యెస్పర్ గీతలు

మా ఊరి టౌన్‌హాల్ కట్టి ఆరేడు వందల ఏళ్ళయిందంటారు. ఎర్ర ఇటుక గోడలు, కింద వరసగా కమాన్లు. ఆ కమాన్ల కింద మనిషెత్తు ఇనుప కొలబద్ద ఒకటి గోడకి నిలువుగా బిగించి ఉంటుంది. గుడ్డల వర్తకుడు మోసం చేశాడని అనుమానమొస్తే, పూర్వం జనం గుడ్డ తెచ్చి దాని పక్కన పెట్టి చూసుకునేవాళ్ళు.

ప్లేగొచ్చిన ఏడు అక్కడ ఇంకో పని కూడా జరిగిందని మా నాన్నమ్మ చెప్పేది. శవాల్ని నడిబజార్లోకి తేనిచ్చేవాళ్ళు కాదట. ఇంట్లోవాళ్ళే వచ్చి, పోయిన మనిషి ఎంత పొడుగో ఆ బద్ద పక్కన చేత్తో చూపిస్తే, మీద కప్పడానికి అంత గుడ్డ కోసిచ్చేవాళ్ళట. బతికున్నవాళ్ళు దానికి వీపు ఆనించకూడదు అనేది.

"మీకు గోడని చూసినా భయమే అత్తయ్యా!" అని అమ్మ నవ్వేసేది. ప్రతి నవంబర్లో, తమ్ముడు యెస్పర్ పుట్టినరోజుకి, వాణ్ణి ఆ బద్దకే ఆనించి నిలబెట్టేది. ఇంటి పాత తాళంచెవి వాడి నెత్తిమీద అడ్డంగా పెట్టి ఇటుక మీద గీత గీసేది. "కదలకు నాన్నా, వంకరొస్తుంది" అనేది.

వాడికి ఆరేళ్ళు నిండినరోజు కూడా గీసింది. ఆ వారంలోనే జ్వరమొచ్చి పోయాడు. నాన్నమ్మ అందరి ముందూ ఒక్క మాటే అంది. "కొలతిచ్చి వచ్చావుగా."

అమ్మ ఆ తాళంచెవి వాడి కోటు జేబులో పెట్టింది. వాడితోపాటే పూడ్చేశారు. ఇది జరిగి పదేళ్ళు.

పోయిన వారం ఆ గోడ కడగడానికి పరంజా కట్టారు. తెల్లారితే కడిగేస్తారు, ఇక గీతలుండవు. వాటి ఎత్తులు గుర్తు పెట్టుకుంటానని అమ్మ రిబ్బను తీసుకుని బయల్దేరింది. నేనూ వెంటపడ్డాను. ఈమధ్య అమ్మ నాతో "వాడు పిలుస్తున్నాడే వీబ్కే" అంటోంది. వాడి దగ్గరికి వెళ్ళిపోతుందేమోనని నా భయం.

నవంబరు కదా, మా చలిదేశంలో నాలుగింటికే చీకటి. లాంతర్ల పండగని పిల్లలు కాగితం లాంతర్లు పట్టుకుని పాడుకుంటూ పోతున్నారు. పాకంలో వేయించిన బాదం వాసన. పరంజా మీంచి మేస్త్రి హిన్నెర్క్ అరిచాడు.

"ఏంటి వదినా, టౌన్‌హాల్ కొంటున్నావా, కొలతలు తీస్తున్నావ్?"

"కొంటే ముందు నీ పనే పీకేస్తా!"

అతను నవ్వుకుంటూ దిగి వెళ్ళిపోయాడు. అమ్మ కూడా నవ్వింది. ఎన్నాళ్ళయిందో.

పాట దూరమైపోయింది. లాంతర్లు మలుపు తిరిగాయి. కమాన్ల కింద తడి ఇటుక వాసన ఒక్కటే మిగిలింది. ఫోన్ లైటు వేశాను. అమ్మ కింద గీత నుంచి మొదలుపెట్టింది. ఒక్కోటీ వేలితో తడిమి, రిబ్బను మీద గుర్తు పెట్టుకుంటూ... ఆఖరిది దాటాక కూడా చెయ్యి ఆగలేదు. పైకి పోయింది.

పైన ఇంకో గీత.

నా తలకంటే ఎత్తులో. దాన్నుంచి ఇటుక పొడి ఇంకా రాలుతోంది...

"ఎవరో వెధవలు గీశారమ్మా. పద."

"ఎంత ఎదిగాడే వీబ్కే!" అమ్మ వేలు ఆ గీత మీదే ఉంది. "నిన్ను దాటేశాడు."

చటుక్కున వెనక్కి తిరిగి, వీపు బద్దకి ఆనించి నిలబడింది.

"అమ్మా!"

"ష్... కదిలితే వంకరొస్తుంది."

కర్ర్... కర్ర్... ఇటుక మీద ఇనుము గీరిన చప్పుడు. అమ్మ చేతులు రెండూ రిబ్బను పట్టుకునే ఉన్నాయి.

ఒక్క ఊపున లాగేశాను. అమ్మ నా మీద పడి ఏడ్చింది. "కాస్త ఆగలేకపోయావా? ఇన్నాళ్ళకి నా దగ్గరికొచ్చాడే..."

లైటు ఎత్తి చూశాను. అమ్మ తలెత్తులో ఏ గీతా లేదు. మళ్ళీ మళ్ళీ చూశాను. లేదు. సమయానికే లాగానన్న ఊరటకి ఏడుపొచ్చింది.

నిన్నటి నుంచి అమ్మకి జ్వరం. మామూలు జలుబే అన్నాడు డాక్టరు. మందులకని వెళ్ళి, తిరిగొస్తూ టౌన్‌హాల్ దగ్గర ఆగాను. గోడ శుభ్రంగా ఉంది. యెస్పర్ గీతలు ఒక్కటీ మిగల్లేదు. ఒక్క గీత మాత్రం ఉంది. సరిగ్గా అమ్మంత ఎత్తులో. ముట్టుకున్నాను. ఆ చలిలో... వెచ్చగా ఉంది.

ఇప్పుడు అమ్మ మంచం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. నిద్రపోతూ నవ్వుతోంది. కాళ్ళు దగ్గరికి చేర్చి, మెడ నిటారుగా పెట్టి.

అస్సలు కదలడం లేదు.